దేహతాపము, దేహపరిమాణము: నీటికుక్క ఎదుట ఒక సూత్రపరీక్ష

జంతుశాస్త్ర పాఠములలో ఒక సూత్రము చాల కాలముగా స్థిరపడి ఉన్నది. చలిదేశపు జంతువులు పెద్దవి, వేడిదేశపు జంతువులు చిన్నవి. పెద్ద శరీరము వేడిని నిలుపుకొనును, చిన్న శరీరము వేడిని పోగొట్టుకొనును అని దాని సారాంశము. దీనికి బెర్గ్‌మన్ సూత్రమని పేరు. విద్యార్థులు దీనిని కంఠస్థము చేసి, ధ్రువపు ఎలుగుబంటిని ఉదాహరణగా చూపి మార్కులు సంపాదింతురు. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, జంతువు ఎంత చిన్నదైతే దాని ఒంటి వేడి అంత ఎక్కువ అని కూడ వ్రాయుట కలదు.

సూత్రము చెప్పుటకు సులువుగా ఉన్నది. గుర్తుంచుకొనుటకు ఇంకను సులువు. కాని ధ్రువపు ఎలుగుబంటిని పక్కన పెట్టి, ఖమ్మము నుండి భద్రాచలము వరకు వ్యాపించిన అడవులలోని జంతువును తెచ్చి దాని ఎదుట నిలిపినప్పుడు ఈ సూత్రములో ఎంత నిలుచును, ఎంత రాలిపోవును అన్నది విచారింపదగిన విషయము. ఇందుకు వీజెల్ కుటుంబము కంటె మంచి సాక్షి దొరకుట కష్టము.

మొదట ఈ కుటుంబమును గుర్తుపట్టవలెను. వీజెల్ అను ఆంగ్లపదమునకు తెలుగులో ముంగిస అని వ్రాయుట వాడుకలో ఉన్నది. ఇది పొరపాటు. ముంగిస సన్నగా, పొడవుగా ఉండుట చూచి ఆ పేరు పెట్టిరి కాని, వంశవృక్షములో ముంగిస పిల్లుల వైపు కొమ్మకు చెందినది. వీజెల్ కుక్కల వైపు కొమ్మకు చెందినది. శాస్త్రజ్ఞులు మస్టెలిడే అని పిలుచు ఈ రెండవ కుటుంబములో వీజెల్, స్టోట్, మింక్, మార్టెన్, బ్యాడ్జరు, నీటికుక్క మొదలగు జంతువులు సుమారు 60 జాతులు కలవు. అసలు వీజెల్ తెలుగు దేశమున లేదు. అది హిమాలయములలోను, ఉత్తరపు చలిదేశములలోను కనబడును.

కాని దాని బంధువులు రెండు ఈ గోదావరి సీమకు చెందినవే. ఒకటి నీటికుక్క. నున్నని బొచ్చు గల ఈ జంతువు 7 మొదలు 11 కిలోగ్రాముల వరకు తూగును. గుంపులుగా తిరిగి చేపలను పట్టును. గోదావరి సముద్రములో కలియు చోట, కోరింగ మడ అడవులలో, ఇది పేరుపొందినది. రెండవది రాటెల్. వీపు తెల్లగాను, పొట్ట నల్లగాను ఉండి, తేనెపట్టులను, చెదపుట్టలను, ఎలుక కలుగులను త్రవ్వి తిను జంతువు ఇది. టేకు, తునికి, ఇప్ప, వెదురు పెరుగు దక్కను పొడి అడవులు దీని నివాసములు. 1884లో వెలువడిన స్టెర్న్‌డేల్ గారి భారతీయ క్షీరదముల గ్రంథములో నీటికుక్కకు నీరుకుక్క అనియు, రాటెల్‌కు బియు ఖవార్ అనియు తెలుగు పేర్లు నమోదైనవి. మొదటి పేరు నేటికిని బ్రతికి ఉన్నది. రెండవదానిని ఎరిగినవారు అరుదు.

ఇక సూత్రకర్త మాట. కార్ల్ బెర్గ్‌మన్ జర్మనీలోని గాటింగెన్‌లో పనిచేసిన శరీరశాస్త్రవేత్త. 1847లో ఆయన ప్రకటించిన వ్యాసము జంతువుల ఉష్ణవ్యయమునకు, వాటి పరిమాణమునకు గల సంబంధమును గూర్చినది. శరీరము పెరిగినకొలది దాని ఘనపరిమాణము ఉపరితలము కంటె వేగముగా పెరుగును; వేడి పుట్టుట ఘనపరిమాణమునందు, పోవుట ఉపరితలమునందు; కావున ఇతర విషయములు సమానముగా ఉన్నచో పెద్ద జంతువునకు చలిని తట్టుకొనుట సులభము. ఆయన దీనిని దగ్గరి చుట్టరికము గల జాతుల మధ్య పోలికగా చెప్పెను. తరువాత రెన్ష్, మేయర్ మొదలగువారు ఒకే జాతిలోని వివిధ ప్రాంతపు తెగలకు దీనిని అన్వయించిరి. పాఠ్యపుస్తకముల దాక వచ్చుసరికి ఇతర విషయములు సమానముగా ఉన్నచో అను షరతు జారిపోయినది. జారిపోయిన ఆ షరతులోనే అసలు విషయమంతయు ఉన్నది.

మొదటి దోషము వేడిని, వేడిమి స్థాయిని కలగాపులగము చేయుట. చెంబెడు వేడినీళ్లను, గంగాళమెడు వేడినీళ్లను ఒకే వేడిమితో పక్కపక్కన పెట్టినచో చెంబు ముందుగా చల్లారును. చెంబును గంగాళముతో సమానముగా వేడిగా ఉంచవలెనన్న, దానిలోని ప్రతి శేరు నీటికిని ఎక్కువ మంట కావలెను. అంతమాత్రమున చెంబులోని నీరు గంగాళములోని నీటి కంటె వేడిగా ఉన్నదనరాదు. మంట వేరు, వేడిమి వేరు. చిన్న జంతువు ఒంటి వేడి ఎక్కువ అని వ్రాయువారు మంటను కొలిచి వేడిమి అని పేరు పెట్టుచున్నారు.

వీజెల్ కుటుంబము ఈ తేడాను స్పష్టముగా చూపును. అన్నిటి కంటె చిన్నదైన లీస్ట్ వీజెల్ కొన్ని ప్రాంతములలో 50 గ్రాములైనను తూగదు. ఉత్తర పసిఫిక్ తీరమునందలి సముద్రపు నీటికుక్క 45 కిలోగ్రాముల వరకు పెరుగును. బరువులో తేడా దాదాపు వేయి రెట్లు. శరీరపు వేడిమిలో తేడా రెండు మూడు డిగ్రీలకు మించదు. మెలకువతో ఉన్నప్పుడు ఈ కుటుంబమంతయు సుమారు 37, 40 సెంటిగ్రేడు డిగ్రీల మధ్యనే ఉండును. 1950లో షోలాండర్, అతని సహచరులు అలాస్కా ధ్రువప్రాంతపు జంతువులను, ఉష్ణమండలపు జంతువులను పోల్చి చూచినప్పుడు కూడ ఇదే తేలినది. శీతోష్ణములు మారినను క్షీరదపు ఒంటి వేడిమి ఇంచుమించు మారలేదు.

మారునది ఖర్చు. 1883లో రూబ్నర్ చిన్నవి, పెద్దవి అయిన కుక్కల ఉష్ణోత్పత్తిని కొలిచి, అది ఉపరితలమునకు అనుగుణముగా ఉండునని చెప్పెను. 1932లో క్లైబర్ అనేక జంతువుల కొలతలను చేర్చి, ఉష్ణోత్పత్తి బరువు యొక్క ముప్పాతిక ఘాతమును అనుసరించునని సవరించెను. క్లైబర్ లెక్క ప్రకారము 10 కిలోగ్రాముల జంతువు ఏ పనియు చేయక పడుకొన్నను రోజునకు సుమారు 394 కిలోకాలరీలు ఖర్చు చేయును. అనగా కిలోకు 39. నూరు గ్రాముల జంతువు 12 కిలోకాలరీలతో గడుపుకొనును. కాని కిలోకు లెక్కించినచో 124 అగును. చిన్న జంతువు తూకమునకు మూడు రెట్లు ఖర్చుమనిషి. మొత్తము మీద మాత్రము దానికి కావలసినది కొద్దిపాటి తిండియే. ఈ రెండు లెక్కలను విడివిడిగా ఉంచుకొననివారికి ముందు చెప్పబోవు విషయము బోధపడదు.

రెండవ దోషము ఆకారమును మరచుట. బెర్గ్‌మన్ వాదము జంతువులన్నియు ఒకే మూసలో పోసినవి అనుకొన్నప్పుడు చెల్లును. వీజెల్ ఆ మూసలో ఇమడదు. వెడల్పునకు ఆరు రెట్లు పొడవు గల ఒక కొయ్యదిమ్మెను, అంతే ఘనపరిమాణము గల ఒక బంతిని తీసికొని లెక్క వేసినచో, దిమ్మె ఉపరితలము బంతి ఉపరితలమునకు ఒకటిన్నర రెట్లు ఉండును. చలి వేసిన ఎలుక బంతివలె ముడుచుకొనును. వీజెల్ ఎంత చుట్టుకొన్నను చుట్టకుదురు అగును గాని బంతి కాలేదు. దాని బొచ్చు కూడ పొట్టి. 1972లో బ్రౌన్, లాసియెవ్‌స్కీ అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూచిరి. చలిలో వీజెల్ ఖర్చు, అంతే బరువుండి గుండ్రని శరీరము గల క్షీరదముల ఖర్చు కంటె 50 నుండి 100 శాతము అధికమని తేల్చిరి. అదే సంవత్సరము ఐవర్సెన్ ఈ కుటుంబమునే పరిశీలించి, కిలోగ్రాము పైబడిన జాతులలో కూడ విశ్రాంతి సమయపు ఖర్చు సామాన్య క్షీరదముల లెక్క కంటె సుమారు 20 శాతము ఎక్కువని చూపెను.

వేడిని నిలుపుకొనుటయే ప్రకృతి లక్ష్యమైనచో ఇటువంటి శరీరము పుట్టనే పుట్టదు. మరి ఎందులకు పుట్టినది? ఎలుక కలుగులో దూరుటకు. సన్నని శరీరము వేడిని నష్టపరచును, తిండిని సంపాదించి పెట్టును. రాబడి నష్టమును మించినంత కాలము ఆ వ్యాపారము సాగును. బ్రౌన్, లాసియెవ్‌స్కీల వ్యాసమునకు గల విలువ ఇక్కడనే ఉన్నది. వారు ఉష్ణమును ఒక్కదానినే చూడక ఆదాయవ్యయములను రెంటిని చూచిరి.

మూడవ దోషము సూత్రమును భూగోళముతో సరిచూడకుండుట. లీస్ట్ వీజెల్ సైబీరియా, అలాస్కాలలో మిక్కిలి చిన్నది. మధ్యధరా తీరమునను, ఈజిప్టులోను పెద్దది. సూత్రము చెప్పినదానికి ఇది తలక్రిందు. స్టోట్ సంగతి ఇంకను చిత్రము. ఉత్తర అమెరికాలో ఉత్తరమునకు పోయినకొలది పెద్దదగును. ఐరోపాలో ఉత్తరమునకు పోయినకొలది చిన్నదగును. ఒకే జంతువు ఒక ఖండమున సూత్రమునకు అనుకూలము, మరియొక ఖండమున ప్రతికూలము. స్వీడను శాస్త్రజ్ఞుడు ఎర్లింగె 1987లో ఐరోపా స్టోట్ విషయమై ఇచ్చిన సమాధానము ఆహారమును ఆశ్రయించినది. ఉత్తరమున దొరకు ఎర చిన్నది. దానిని మంచు క్రింది సన్నని దారులలో వెంబడింపవలెను. అక్కడ చిన్న శరీరమే లాభము.

ఇక్కడ పూర్వపు వాదము ఒకటి స్మరింపదగినది. 1955లో షోలాండర్ చలిని జయించునది పరిమాణము కాదు, బొచ్చు, రక్తప్రసరణముల నేర్పు అని బెర్గ్‌మన్ సూత్రమును తీవ్రముగా ఖండించెను. మరుసటి సంవత్సరమే ఎర్నెస్ట్ మేయర్ బదులు పలికెను. ఈ సూత్రము ప్రతి జంతువును బంధించు శాసనము కాదనియు, ఒకే జాతి తెగలలో ఎక్కువ పక్షమున కనబడు ధోరణి మాత్రమేననియు, బొచ్చు పని చేసినంత మాత్రమున పరిమాణము పని చేయదనరాదనియు ఆయన వాదము. ఇద్దరి మాటలను తూచినచో, కారణము విషయమున షోలాండర్ పక్షము, ధోరణి విషయమున మేయర్ పక్షము బలముగా ఉన్నవి. పాఠములు మాత్రము మేయర్ ధోరణిని తీసికొని దానికి శాసనమను ముద్ర వేసి, షోలాండర్ ఆక్షేపణను వదలివేసినవి. అన్యాయము అచ్చట జరిగినది.

2017లో వెలువడిన ఒక పరిశోధన ఈ వాదమునకు క్రొత్త వెలుగు నిచ్చినది. స్టోట్, వీజెల్ పిల్లల పుర్రెలు తొలి శీతకాలమున కుంచించుకొనిపోయి, వసంతమున తిరిగి పెరుగుచున్నవని అందు తేలినది. చలికి పెద్ద శరీరమే మందైనచో చలికాలమున జంతువు చిన్నదగుట విడ్డూరము. కాని మొత్తము ఖర్చు, తూకమునకు ఖర్చు అను రెండు లెక్కలను గుర్తుంచుకొన్నవారికి ఇందులో వింత లేదు. తిండి దొరకని రోజులలో కిలోకు ఎంత అన్నది కాదు, మొత్తము ఎంత అన్నదే ప్రశ్న. కరవులో సంసారము తగ్గించుకొన్నట్లు శరీరమును తగ్గించుకొనుట అది.

గాలిని వదలి నీటిలో దిగినచో సూత్రము మరింత చిక్కుపడును. నీరు వేడిని గాలి కంటె ఇరువది రెట్లకు పైగా వేగముగా లాగివేయును. తిమింగలమునకు, సీలుకు చర్మము క్రింద దట్టమైన కొవ్వు ఉన్నది. నీటికుక్కకు అది లేదు. బొచ్చులో చిక్కిన గాలియే దానికి కంబళి. సముద్రపు నీటికుక్క బొచ్చులో ప్రతి చదరపు సెంటిమీటరునకు లక్షకు పైగా వెంట్రుకలు ఉండగలవు. అదియు చాలక ఆ జంతువు తన బరువులో అయిదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు ప్రతి దినము తినును. దాని కండరములలోని కణములు ఇంధనమును పనికి కాక వేడికే కాల్చుచున్నవని 2021లో సైన్స్ పత్రికలో ప్రకటితమైనది. కుటుంబములో పెద్ద శరీరము దానిదే. కిలోకు ఖర్చు మాత్రము ఆ పరిమాణమునకు ఊహింపదగినదాని కంటె ఎన్నో రెట్లు. పరిమాణము ఇక్కడ రక్షణము కాలేదు.

గోదావరి నీటికుక్క ఈ రెండు కొనల మధ్య నిలుచును. చలికాలమున కూడ గోదావరి నీరు హిమజలము కాదు. అయినను అది జంతువు ఒంటి కంటె 10 డిగ్రీలకు పైగా చల్లన. ఖర్చును ఇట్లు అంచనా వేయవచ్చును. పది కిలోల జంతువునకు క్లైబర్ లెక్క 394 కిలోకాలరీలు. ఐవర్సెన్ చెప్పిన 20 శాతము చేర్చినచో సుమారు 470. ఇది కదలక పడుకొన్నప్పటి మాట. ఈది, వేటాడి, పిల్లలను సాకుటకు దీనికి రెట్టింపైనను కావలెను. గ్రాము చేప మాంసము సుమారు ఒక కిలోకాలరీ నిచ్చునని తీసికొన్నచో, రోజునకు ఇంచుమించు ఒక కిలో చేప తేలును. నీటికుక్కలను పరిశీలించినవారు చెప్పు అంచనా కూడ ఇదియే. కనుక అది కడుపాశ కాదు, పొయ్యి ఖర్చు.

రాటెల్ సమస్య దీనికి వ్యతిరేకము. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో ఎండలు ముదిరిన సంవత్సరములందు మే నెలలో వేడిమి 45 డిగ్రీలు దాటుట కలదు. బెర్గ్‌మన్ వాదము గాలి శరీరము కంటె చల్లగా ఉన్నదను ఊహపై నిలిచినది. 38 డిగ్రీల శరీరము 45 డిగ్రీల గాలిలో ఉన్నప్పుడు వేడి బయటికి పోదు, లోనికి వచ్చును. అప్పుడు ఎక్కువ ఉపరితలము గల చిన్న జంతువే త్వరగా వేడెక్కును. పెద్దది నిదానముగా వేడెక్కును. వేడిదేశమునకు చిన్న శరీరము మేలన్న సూత్రభాగము మిట్టమధ్యాహ్నము ఎండలో తిరగబడును. ఆవిరి రూపమున నీటిని ఖర్చు చేయుటయో, ఎండను తప్పించుకొనుటయో తప్ప దారి లేదు.

రాటెల్ రెండవ దారి పట్టినది. దాని ముందరి కాళ్ల పొడవైన గోళ్లు తిండిని త్రవ్వి తీయుటకే కాక, చల్లని నేలలో ఇల్లు త్రవ్వుకొనుటకును పనికివచ్చును. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో బెగ్ దంపతులు ఈ జాతినే అనేక సంవత్సరములు వెంబడించి, వేడి నెలలలో అది రాత్రివేళ తిరుగుననియు, చలి నెలలలో పగటిపూట కూడ బయలుదేరుననియు గమనించిరి. అనగా ఒంటి పరిమాణము మార్చుకొనుటకు మారుగా అది వేళలు మార్చుకొన్నది. ఈ కుటుంబములో వేడిమినే తాత్కాలికముగా మార్చుకొన్న జంతువు కూడ కలదు. అమెరికా బ్యాడ్జరు శీతకాలమున బిలములో పడుకొని తన శరీర ఉష్ణోగ్రతను సుమారు 9 డిగ్రీలు దించుకొనునని హార్లో 1981లో చూపెను. నీటికుక్క బొచ్చుతోను తిండితోను, రాటెల్ గోళ్లతోను వేళలతోను, బ్యాడ్జరు నిద్రతోను ఒకే లెక్కను సరిపెట్టుకొనుచున్నవి.

ఇంత విమర్శ చేసినను బెర్గ్‌మన్ తప్పు చెప్పెననుట న్యాయము కాదు. ఉపరితలమునకు, ఘనపరిమాణమునకు గల సంబంధము క్షేత్రగణితము. దానిని ఎవరును కాదనలేరు. తప్పు ఆ గణితమునకు ఆకారము, బొచ్చు, నీరు, ఎర, పరిసరపు వేడిమి అను అయిదు విషయములను చేర్చకనే ఫలితము ప్రకటించుటలో ఉన్నది.

ఈ తప్పు పరీక్షాపత్రముతో ఆగిపోవునది కాదు. కిన్నెరసాని అభయారణ్యము 1977లో, 635 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడినది. పాపికొండలు 2008లో జాతీయవనమైనవి. 2014లో వచ్చిన రాష్ట్రముల సరిహద్దు ఈ అడవుల మీదుగానే పోవుచున్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము నీటికుక్కకు, రాటెల్‌కు రక్షణ నిచ్చినది. 2019లో అంతర్జాతీయ ఒప్పందము నున్నబొచ్చు నీటికుక్క వ్యాపారమును పూర్తిగా నిషేధించు పట్టికలో చేర్చినది. చట్టము చంపరాదని చెప్పును. అది బ్రతుకుటకు ఏమి కావలెనో చెప్పునది శరీరశాస్త్రము. ఆరు నీటికుక్కల గుంపునకు రోజునకు ఆరు కిలోల చేప కావలెను. చేప తరిగిన మడుగులో ఆ గుంపు ఆకలికి ముందు చలికే చిక్కును. తిండియే దాని నిప్పు. బొచ్చుకు జిడ్డు అంటినను, ఒడ్డున బొచ్చు ఆరబెట్టుకొనుటకు ఇసుకతిన్నె లేకపోయినను ఖర్చు ఇంకను పెరుగును. వల చింపినదని జాలరి కోపగించుట సహజమే. అతని నష్టము నిజమైన నష్టమే. బంగ్లాదేశ్‌లోని నడైల్ జాలరులు ఇదే జాతిని సాకి చేపలను వలలోనికి తోలించిరి. వారు పట్టిన దానిలో నీటికుక్క పాలు ముందే తీసియుంచెడివారు. దాని పొయ్యి ఖర్చు వారికి లెక్కలో తెలిసిన విషయము.

కనుక పాఠము మారవలెను. జంతువు చిన్నదైన కొలది ఒంటి వేడిమి హెచ్చును అను వాక్యమును కొట్టివేసి, జంతువు చిన్నదైన కొలది ఆ వేడిమిని నిలుపుటకు తూకమునకు అయ్యే ఖర్చు హెచ్చును అని వ్రాయవలెను. ధ్రువపు ఎలుగుబంటి పక్కన గోదావరి నీటికుక్కను, కిన్నెరసాని అడవి రాటెల్‌ను ఉదాహరణలుగా చేర్చవలెను. పాల్వంచ బడిలోని పిల్లవాడు ఆ రెండు జంతువుల రోజువారి ఖర్చును తానే లెక్క వేయగలిగిననాడు సూత్రము ఎక్కడ నిలుచునో, ఎక్కడ ఆగునో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.